మనింటి సైగలు

స్టూడియో, మూడో అంతస్తు, రచయితల గది
మార్చి 9

అన్నయ్యకి,

ముందు కూర్చో. నిలబడి చదివితే సగంలో ఆపేసి మిషను దగ్గరికి పోతావు.

నా సీరియల్ ఒప్పుకున్నారు. ఇన్నాళ్ళూ ఎవరెవరి సీరియళ్ళకో మాటలు అతికించడమే నా పని. ఇది మొదటి సీను నుంచీ నాది. వారానికొకటి, గురువారం సాయంత్రం ఏడింటికి. ముందు పదమూడు ఎపిసోడ్లు, జనం చూస్తే ఆ తర్వాత ఇంకా. కథానాయకుడికి చెవులు వినబడవు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు, అమ్మతో ఉంటాడు. ఒక చెల్లెలుంది, కొంచెం ఎక్కువ వాగుతుంది.

అవును, నిన్ను అడక్కుండానే రాశాను. వద్దంటావని కాదు, "సరే" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటావని. నీ సరేకి ఎన్ని అర్థాలో నాకు తెలుసు.

నిర్మాత మొదట తల అడ్డంగా ఊపాడు. "వినబడని హీరోకి పాటెలా పెడతామమ్మా?" అన్నాడు. తెర మీద చెవిటివాడికి ఇన్నేళ్ళుగా రెండే పనులు కదా. ఒకటడిగితే ఇంకొకటి చెప్పి జనాన్ని నవ్వించాలి, లేకపోతే ఓ మూల కూర్చుని ఏడిపించాలి. వీడు ఆ రెండూ చెయ్యడు, పనికి పోతాడు, అలుగుతాడు, ప్రేమిస్తాడు, అబద్ధాలు కూడా ఆడతాడు అని చెప్పాను. దర్శకుడు నా వైపు మాట్లాడాడు కాబట్టి గట్టెక్కాను.

హీరోగా వేసేవాడు తెలిసిన ముఖమే. చెవులు బాగానే వినబడతాయి, పొగడ్తలైతే మరీను. రోజూ రెండు గంటలు ఎదురుగా కూర్చోబెట్టుకుని సైగలు నేర్పుతున్నాను. ఎవరినైనా పిలిపిద్దామని దర్శకుడన్నాడు. ఎందుకు, నేనున్నాను కదా అన్నాను. నాకు మాటల కంటే సైగలే ముందొచ్చాయని అమ్మ చెబుతూనే ఉంటుంది.

అద్దం అరగదీసేటప్పుడు ఏ చెయ్యి ఎక్కడుంటుందో వివరంగా రాయి.

నీ వసపిట్ట


కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది
మార్చి 21

వసపిట్టకి,

కూర్చునే చదివాను. సరే.

అద్దాన్ని రెండు చేతుల బొటనవేళ్ళతో, చూపుడువేళ్ళతో పట్టుకోవాలి. తిరిగే రాయికి ఆనించి మెల్లగా తిప్పాలి. రాయి మీద నీళ్ళు ధారగా పడుతుండాలి, లేకపోతే అద్దం వేడెక్కి పగులుతుంది. పగలబోయే ముందు వేళ్ళకి తెలుస్తుంది. చెవులున్నవాళ్ళు చప్పుడుని బట్టి తెలుసుకుంటారట. మా యజమాని ఈ గదిలోకి చెవుల్లో దూది పెట్టుకుని వస్తాడు. నాకా అవసరం లేదు.

అమ్మ పక్కవాటావిడకి అప్పుడే చెప్పేసింది. ఏం చెప్పిందో గానీ ఆవిడ పొద్దున నన్ను చూసి జుట్టు సర్దుకుంది.

ఒక మాట. ఆదివారాలు మేమంతా చేరే బధిరుల సంఘంలో ఒక వడ్రంగి ఉన్నాడు. పుట్టుకతోనే వినబడదు. మేము వేసుకునే నాటకాల్లో అన్నీ ఆయనే. పోలీసు, పసిపిల్ల, గాడిద, ఏది వేసినా నమ్మి తీరాలి. నేను సంఘానికి కార్యదర్శినైన ఈ రెండేళ్ళలో ఆయన నాటకాలు మూడు చూశాను. వినబడని హీరో వేషం వినబడనివాడికి ఎందుకు ఇవ్వకూడదు? అడిగి చూడు.

సైగలు నువ్వే నేర్పుతున్నావని రాశావు. మంచిది.

అన్నయ్య


స్టూడియో, రచయితల గది
ఏప్రిల్ 15

అన్నయ్యకి,

వడ్రంగి సంగతి అడిగాను. "కట్ అంటే వినబడనివాడితో షూటింగేమిటమ్మా" అన్నాడు నిర్మాత. చెయ్యి ఊపితే సరిపోతుంది కదా అన్నాను. "ముఖం ఎవరికీ తెలియదు" అన్నాడు. అక్కడితో ఊరుకున్నాను. మొదటి సీరియల్ కదా, తెగేదాకా లాగకూడదనిపించింది.

సెట్టు చూస్తే నువ్వు నీ దుకాణమే అనుకుంటావు. రాయి, నీళ్ళ గొట్టం, గోడకి అక్షరాల బోర్డు, అన్నీ పెట్టించాను. హీరో కష్టపడుతున్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. అన్నిటికీ కారణం కావాలతనికి. నాన్నకి మనం చేసే సైగ చూసి, ఎందుకలా అని అడిగాడు. నాన్న ఆఫీసుకి బెల్టు పెట్టుకునేవాడని చెప్పాను. ఆ బెల్టు ఇంట్లో దేనికి విప్పేవాడో అతనికి చెప్పాల్సిన పని లేదు.

మే 8న మొదటి ఎపిసోడ్. మీ సంఘంలో అందరినీ టీవీ ముందు కూర్చోబెట్టు. చూసేదాకా నాకు స్థిమితం లేదు. మిగతా ఎవరు ఏమన్నా పడతాను, మీవాళ్ళు బాగుందంటే చాలు.

నీ వసపిట్ట


ఇల్లు
మే 10

వసపిట్టకి,

గురువారం సంఘం హాల్లో నలభై మందిమి కూర్చున్నాం. వెనకవాళ్ళకి కనబడాలని బల్ల మీద బల్ల వేసి టీవీ పెట్టాం. అమ్మ కూడా వచ్చింది.

మిగతావాళ్ళ మాటలు మాకెలాగూ అందవు. హీరో సైగలు చేస్తాడు కదా, ఆ కొస పట్టుకుని కథ అల్లుకుందాం అనుకున్నాం. పది నిమిషాలయ్యాక మా సంఘంలోని టైలరమ్మ లేచి, ఇతను ఏ దేశం వాడు అని అడిగింది. వడ్రంగి, ఈగలు తోలుకుంటున్నాడేమో అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

హీరో చెప్పింది ఆ హాల్లో అర్థమైంది నాకొక్కడికే.

నువ్వతనికి నేర్పింది మనింటి సైగలు. నేను బడికి వెళ్ళకముందు మనిద్దరం వంటగదిలో కల్పించుకున్నవి. అమ్మంటే మెడ వెనక ముడి. మంచినీళ్ళంటే కూజా మెడ పట్టుకున్నట్టు పిడికిలి. తొమ్మిదో ఏట నన్ను హాస్టలు బడిలో వేశారు. అక్కడ అసలైన సైగల భాష ఉంది, దానికి వేల మాటలున్నాయి, వ్యాకరణం ఉంది. ఇక్కడి చెవిటివాళ్ళందరం మాట్లాడేది అది. సెలవులకి వచ్చినప్పుడు నీతో మాత్రం పాతవే వాడేవాణ్ణి. నీకు అవే వచ్చు కాబట్టి. నువ్వు నేర్పుతున్నానని మార్చిలో రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. అడగలేదు. అది నా తప్పు.

ఇంకొకటి. "నాన్న వస్తున్నాడు" అని హీరో బెల్టు మీద చెయ్యి వేశాడు, నవ్వుతూ. అమ్మ నా పక్కనే ఉంది, తెర మీది చెల్లెలు ఆ మాట పైకి అనడం ఆవిడకి వినబడిందట. మర్నాడు పొద్దున కాగితం మీద రాసి నా ముందు పెట్టింది: "నాన్నంటే మీకు అదేనా గుర్తు?" అవునన్నాను. చిన్నప్పుడు ఆ సైగ ఆవిడ కళ్ళ ముందే రోజుకి పదిసార్లు చేశాం, ఎప్పుడూ అడగలేదు. ఆ కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టుకుంది.

సంఘం వాళ్ళు టీవీ సంస్థకి ఫిర్యాదు రాస్తామంటున్నారు. కార్యదర్శి సంతకం ఉండాలి. రాసింది నా చెల్లెలని వాళ్ళకింకా చెప్పలేదు.

అన్నయ్య


స్టూడియో, రచయితల గది
మే 17

అన్నయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నలుగురిలో నవ్వానని రాశావు చూడు, అక్కడ ప్రతిసారీ ఆగిపోయాను.

అసలైన భాష ఒకటుందని నాకు ఒక్కసారైనా చెప్పావా? హాస్టలు నుంచి ఏళ్ళ తరబడి వారానికో ఉత్తరం రాశావు. అన్నం ముద్దయిందని రాశావు, దుప్పటి చిరిగిందని రాశావు. ఇది మాత్రం రాయలేదు. నేను అడగలేదు నిజమే. నా అన్న భాష నాకొచ్చనుకున్నదాన్ని, ఏమని అడుగుతాను? సెలవులకి వచ్చినప్పుడల్లా నాతో పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడి వెళ్ళిపోయేవాడివన్నమాట.

అమ్మ సంగతి చదివి ఏడ్చాను. అది నేను అనుకోకుండా చేశాను.

ఇప్పుడు అసలు మాట. ఆ ఫిర్యాదు మీద నీ సంతకం పడితే నా పని పోతుంది. పదమూడు అయ్యాక పొడిగించాలా వద్దా అని వాళ్ళు లెక్కలేసుకుంటున్నారు. ఒక్క వంక దొరికితే చాలు. పన్నెండేళ్ళు ఇంకొకరి పేరు కింద రాశాను అన్నయ్యా, నా పేరు తెర మీద పడి ఇంకా రెండు వారాలైనా కాలేదు. దయచేసి సంతకం పెట్టకు.

దానికి బదులు నువ్వే రా. ఒక్క వారం సెలవు పెట్టి హీరోకి సరైన సైగలు నేర్పు. సలహాదారు అని నీ పేరు వేయిస్తాను. అప్పుడు మీవాళ్ళూ ఏమీ అనలేరు.

నీ చెల్లెలు


ఇల్లు
జూన్ 1

వసపిట్టకి,

ఈ ఉత్తరం తెచ్చినాయనే వడ్రంగి. ఆయనకి కుర్చీ వెయ్యి. మాట్లాడాలంటే కాగితం మీద రాసి ఇవ్వు, పెదాలు సాగదీసి అరవకు.

నేను రాను. నా పేరు తెర మీద పడితే "ఇదిగో, చెవిటివాడే సరేనన్నాడు" అని చూపించడానికి పనికొస్తుంది, ఇంకెందుకూ కాదు. ఈయనకి ఆ మొహమాటం లేదు. తప్పుని తప్పంటాడు.

నువ్వు నా చెల్లెలివని సంఘంలో చెప్పాను. ఫిర్యాదు ఒక నెల ఆపమని అడిగాను, ఆపారు. టైలరమ్మ మాత్రం, "నోరున్నవాడిదే రాజ్యం అంటారు కదా, ఆ నోరు నీ ఇంట్లోనే ఉందన్నమాట" అంది. కోపంగా అనలేదు.

పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడానని రాశావు. కొంత నిజం. కొత్త భాష నేర్పాలంటే ఒక్క సెలవంతా పట్టేది. నాకు ఆడుకోవాలని ఉండేది.

అమ్మ ఇప్పుడు ఒక్కో సైగా చూపించి అర్థం అడుగుతోంది. రోజుకి రెండో మూడో నేర్చుకుంటోంది, మళ్ళీ మర్చిపోతోంది.

ఆ కథలో నాకు తెలియాల్సినది ఇంకేమైనా ఉంటే ఇప్పుడే రాయి.

అన్నయ్య


స్టూడియో, రచయితల గది
జూన్ 20

అన్నయ్యకి,

మీ వడ్రంగి గారు స్టూడియోని మూడు రోజుల్లో గుప్పిట్లో పెట్టుకున్నారు. సెట్టులో కిర్రుమనే తలుపు బాగుచేశారు, ఆయనకి కిర్రు వినబడదు, చెయ్యి వేసి కనిపెట్టారు. దర్శకుడిలా నడిచి చూపిస్తే లైట్లు పట్టుకునేవాళ్ళు పడి పడి నవ్వారు. దర్శకుడు కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

అయితే హీరోకి కొత్త సైగలు తలకెక్కడం లేదు. పాతవి మర్చిపోవాలి, కొత్తవి రావాలి, నెలాఖరుకి ఎపిసోడ్లు ఇవ్వాలి. చివరికి దర్శకుడికి ఒక ఉపాయం తట్టింది. ముఖం హీరోది, దగ్గరగా చూపించే చేతులు వడ్రంగి గారివి. ఒకే రంగు చొక్కా ఇద్దరికీ కుట్టించారు. ఆయన బొటనవేలి గోరు నిలువునా చీలి ఉంటుంది కదా, దాని మీద మైనం రాసి రంగు వేశారు. జూలై 3న వస్తుంది. ఒక్క తప్పు కూడా ఉండదు, చూడు.

ఇది చిన్న విషయం కాదు. మీ భాష, మీ మనిషి చేతులతో, టీవీలో.

నువ్వడిగినదానికి: కథ బాగానే నడుస్తోంది.

నీ వసపిట్ట


ఇల్లు
జూలై 6

వసపిట్టకి,

మూడో తారీఖున హాలు నిండింది. హీరో మొదటి మాట చెప్పగానే నలభై మందీ ఒక్కసారి లేచారు. అర్థమైందని కాదు. ఆ చేతులెవరివో తెలిసిపోయింది. మీకు గొంతులెలాగో మాకు చేతులలాగ. గోరు మీద మైనం రాస్తే దాగుతుందనుకున్నారు, పాపం.

అందరూ వడ్రంగి వీపు చరిచారు. టైలరమ్మ ఆయన చేతులు పట్టుకుని లైటు కిందికి లాక్కెళ్ళి చూసింది. ఆయన నవ్వాడు గానీ అది ఆయన నవ్వు కాదు. అందరూ వెళ్ళాక నన్ను ఆపి చెప్పాడు. మణికట్టు దాకానే కెమెరా పెట్టారని, ముఖం పడకుండా వెనక్కి వాలమనేవారని, ఆ చేతులు వేరేవాడి చొక్కాలోంచి వస్తుంటే తనకే వింతగా ఉందని. ఆ తర్వాత, మీ గదిలో బల్ల మీద పదమూడో ఎపిసోడ్ కాగితాలు చూశానన్నాడు. మేం చెవిటివాళ్ళం, చదవడం వచ్చు.

హీరోకి ఆపరేషన్ చేయిస్తున్నావు. వాడికి చెవులొస్తాయి. అందరూ ఏడుస్తారు, కథ సుఖాంతం.

జూన్‌లో అడిగితే కథ బాగానే నడుస్తోందని రాశావు.

నాకు చాలా కోపం వచ్చింది. రెండు రోజుల పనిలో మూడు అద్దాలు పగలగొట్టాను. మూడో ఏట జ్వరంతో నా చెవులు పోయాయి, ఆ లెక్కన ముప్పై ఎనిమిదేళ్ళు. ఈ ముప్పై ఎనిమిదేళ్ళలో నన్ను బాగుచెయ్యాలని చూడని మనిషివి నువ్వొక్కతివే అనుకున్నాను. ఎవరు ఏ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళినా, బయట మెట్ల మీద కూర్చుని నాతో గవ్వలాడేదానివి. ఆ పిల్ల ఈ సీను రాసిందంటే నమ్మబుద్ధి కాలేదు.

ఫిర్యాదు మీద ఈ రోజు సంతకం పెట్టాను. రెండు విషయాలు రాశాం. వినబడని పాత్రకి వినబడని నటుణ్ణి పెట్టండి, చేతులు మాత్రం కాదు, మనిషినంతా. కథ బాగుపడాలంటే చెవులు రానక్కర్లేదు. నకలు ఇందులో పెట్టాను. నీ పని పోతుందని తెలిసే పెట్టాను.

అన్నయ్య


అద్దె గది
జూలై 27

అన్నయ్యకి,

నీ ఫిర్యాదు నిర్మాత నా ముందే చదివాడు. సంతకం దగ్గర ఇంటిపేరు చూసి తలెత్తాడు. అన్నేనా అన్నాడు. అవునన్నాను. అయితే మరీ మంచిది, రచయిత్రి సొంత అన్న చెవిటివాడు, ఇంటిల్లిపాదినీ అడిగే రాశామని జవాబు రాయి, సంఘం నోరు మూతపడుతుంది అన్నాడు. ఏ నోరని అడగబోయి ఊరుకున్నాను. జవాబు మాత్రం రాయనన్నాను. పదమూడో ఎపిసోడ్ మార్చి రాస్తాను, వారం ఇవ్వండన్నాను. జనం ఏడ్చే సీను తీసేస్తే ఇంకేముందన్నాడు.

మా గదిలో పక్క బల్ల రచయిత దాన్ని పూర్తిచేశాడు. సీరియల్ ఇంకో ఇరవై ఆరు ఎపిసోడ్లు పొడిగించారు. నా పేరు తీసేశారు. ఇది నీ మీద తోసెయ్యడానికి రాయడం లేదు. నువ్వు సంతకం పెట్టకపోతే నేను నోరు మూసుకుని ఆ సీను నా చేత్తోనే ఇచ్చి వచ్చేదాన్ని.

నీకొక నిజం చెప్పాలి. ఆపరేషన్ రాయమని నన్నెవరూ బలవంతం చెయ్యలేదు. నిర్మాతకి ఆ ఆలోచనే లేదు. నేనే రాశాను. మార్చిలో, అన్నిటికంటే ముందు రాసింది ఆ సీనే. హీరో కిటికీ దగ్గర నిలబడి ఉంటాడు, వెనక నుంచి చెల్లెలు పిలుస్తుంది, వాడు తిరిగి చూస్తాడు. అంతే. నాకు ఐదారేళ్ళ వయసున్నప్పటి నుంచీ నా మనసులో ఆ సీను ఉంది అన్నయ్యా. నువ్వు వీధి దాటుతుంటే వెనక నుంచి లారీ వచ్చిన రోజు గుర్తుందా? నేను గుమ్మంలోంచి అరిచాను. ఎంత అరిచినా నువ్వు తిరగలేదు. లారీ వాడే తిప్పుకున్నాడు. నువ్వు గవ్వలు ఏరుకుంటూ వచ్చావు. నిన్ను బాగుచెయ్యాలని కాదు. ఆ ఒక్కసారి నా పిలుపు నీకు అందాలని. అది నా భయం, దాన్ని నీ కథ అని పేరు పెట్టి అమ్మాను. నన్ను క్షమించు.

శనివారాలు సైగల భాష తరగతికి వెళ్తున్నాను. మేం తొమ్మిది మందిమి, పంతులమ్మకి వినబడదు. నా వేళ్ళు మొద్దులని రెండో రోజే రాసి చూపించింది. నిన్న ఒక్కొక్కరినీ ఇంట్లో ఎవరిని ఏ సైగతో పిలుస్తారని అడిగింది. అమ్మది చెప్పాను, నాన్నది చెప్పాను. మరి నీది అంది. నాకు తెలియదని రాసిచ్చాను. నాతో మాట్లాడేటప్పుడు నా పేరు అక్కర్లేదు కదా, భుజం తడితే చాలు. నేను లేనప్పుడు అమ్మతో నా గురించి ఏమని చెప్పేవాడివి?

చెల్లెలు


ఇల్లు
ఆగస్టు 3

వసపిట్టకి,

లారీ సంగతి నాకు తెలియదు. ఈ ఉత్తరం చదివేదాకా ఆ రోజు గవ్వలు దొరికిన రోజుగానే గుర్తుంది. నాకు వినబడకపోతే ఆ అరుపు ఎక్కడికి పోయిందా అని ఎప్పుడూ ఆలోచించలేదు. నీ దగ్గరే ఉందన్నమాట. నీ మీద కోపం పోయింది.

గురువారం పదమూడో ఎపిసోడ్ చూశాం. హీరోకి చెవులొచ్చాయి. వడ్రంగి లేచి టీవీ ఆపేసి, దాని ముందు నిలబడి ఆ సీను మళ్ళీ మొదలుపెట్టాడు. ఆపరేషన్ అయింది, కట్టు విప్పారు. మొదట గడియారం. తర్వాత కుక్క. తర్వాత పక్కింటి మొగుడూ పెళ్ళాలు. తర్వాత నిర్మాత పాట. హీరో దుప్పటి కప్పుకుని వెళ్ళి డాక్టరు కాళ్ళ మీద పడ్డాడు, ఎక్కడివి అక్కడ పెట్టెయ్యమని. టైలరమ్మ నవ్వలేక నేల మీద కూర్చుంది. అమ్మ కూడా నవ్వింది. అమ్మ అలా నవ్వగా చూసి చాలా కాలమైంది.

దాన్ని పూర్తి నాటకం చెయ్యాలని అందరూ పట్టుబట్టారు. వరస కుదిర్చి రాసేవాళ్ళు మాలో లేరు. నీ పేరు నేను ఎత్తలేదు. టైలరమ్మ ఎత్తింది. వడ్రంగి ఒకటే షరతు పెట్టాడు, ముఖం కూడా తనదే ఉండాలట.

నీ సైగ అడిగావు. రెండు వేళ్ళు నా పెదాల మీద పెట్టుకునేవాణ్ణి. కొట్లో నా బదులు నువ్వే అడిగేదానివి, డాక్టరుకి నా నొప్పి నువ్వే చెప్పేదానివి, నాన్న అడిగితే నా బదులు అబద్ధం కూడా నువ్వే చెప్పేదానివి. అందుకని నువ్వంటే నా నోరు. అప్పట్లో నాకు అది పనికొచ్చింది, ఇప్పుడు అక్కర్లేదు. కొత్త సైగ సంఘం ఇస్తుంది. మనిషిని చూసి గానీ ఇవ్వరు.

అమ్మ ఒక మాట రాయమంది. నాన్న సైగ మార్చాల్సిన పని లేదట, అది తప్పేమీ కాదట.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం రెండింటికి నాటకం పని మొదలుపెడతాం. హాలు మేడ మీద. తలుపు కొట్టకు, పిలవకు, ఎవరికీ వినబడదు. గుమ్మం పక్కన బయటే ఒక స్విచ్చి ఉంది. రెండుసార్లు వేసి తియ్యి, లోపల లైటు వెలిగి ఆరుతుంది. నేను తిరిగి చూస్తాను.

అన్నయ్య